ఇల్లు సర్దడానికి ఎవరి తోడు మంచిది: ఆరు దారుల పోలిక

సజ్జ మీది సామాను దించాలని ఎన్ని దసరాల నుంచి అనుకుంటున్నారు? మా ఇంట్లో ఏడు దసరాలు దాటింది. బతుకమ్మకు ముందు అనుకున్న పని సంక్రాంతికి, సంక్రాంతికి అనుకున్నది ఉగాదికి జరుగుతూ పోయింది. ఎలా సర్దాలో చెప్పే వీడియోలు ఫోన్ నిండా ఉన్నాయి. పక్కన నిలబడే మనిషే లేదు.

2023 జూలై చివరి వారంలో వరంగల్, హన్మకొండ కాలనీల్లోకి వరద వచ్చినప్పుడు మా ఇంట్లో నీళ్ళు మోకాలి లోతు నిలిచాయి. నీళ్ళు తీశాక చూస్తే మంచం కింది ట్రంకు పెట్టెలో సర్టిఫికెట్లు, మా అత్తమ్మ పెళ్ళినాటి ఫొటోలు ముద్దయి ఉన్నాయి. సజ్జ మీద మూతల్లేని ప్లాస్టిక్ డబ్బాలు, చెడిపోయిన మిక్సీ, ఎవరి పెళ్ళిలోనో పంచిన స్టీలు టిఫిన్లు మాత్రం పొడిపొడిగా ఉన్నాయి. కావాల్సినవి తడిశాయి, అక్కర్లేనివి భద్రంగా మిగిలాయి. ఆ రెండు రోజులు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురు కొంగు నడుముకు చుట్టి మాతోపాటు పనిచేశారు. పదేళ్ళుగా కదలని సామాను మధ్యాహ్నానికల్లా వాకిట్లో ఉంది.

వరద వస్తే తప్ప ఇల్లు కదలకూడదా అని చాలా రోజులు బాధపడ్డాను. ఆ తర్వాత రకరకాల తోడు పెట్టుకుని చూశాను. ఒంటరిగా చేశాను, ఇంట్లోవాళ్ళతో చేశాను, ఫోన్‌లో మా చెల్లెను పెట్టుకుని చేశాను, పక్కింటి వదినతో, కాలనీ వాట్సాప్ గ్రూపుతో, చివరికి కూలి మనుషులతో కూడా చేయించాను. అన్నీ అందరికీ పనికిరావు. ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారన్న దాన్ని బట్టి తోడును ఎంచుకోవాలి.

## ముందు ఇది తేల్చుకోండి: మీ పని ఎక్కడ ఆగుతోంది?

మొదలుపెట్టడం దగ్గర. ఆదివారం పొద్దున బీరువా తలుపు తీస్తాం, లోపలికి చూస్తాం, మళ్ళీ మూసేస్తాం. ఎంత పని ఉందో కళ్ళకు కనిపించగానే చేతులు చల్లబడతాయి. ఇలాంటివాళ్ళకు సలహాలతో పని లేదు. ఒక టైము కావాలి, ఆ టైముకు మన కోసం ఎదురుచూసే మనిషి కావాలి.

తేల్చుకోవడం దగ్గర. వస్తువు చేతిలోకి వస్తుంది, పక్కన పెట్టబుద్ధి కాదు. "ఎప్పటికన్నా అక్కరకొస్తది" అన్న ఒక్క మాట మన ఇళ్ళల్లో ఎన్ని ఖాళీ సీసాలను, ఎన్ని సొట్టపడ్డ బోళ్ళను కాపాడుతోందో! దీన్ని పిసినారితనం అనుకుని సిగ్గుపడాల్సిన పని లేదు. డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు 1990లో ఒక ప్రయోగం గురించి రాశారు. కొంతమంది విద్యార్థులకు మామూలు కాఫీ కప్పులు ఇచ్చి, ఎంతకైతే అమ్ముతారని అడిగారు. కప్పు లేనివాళ్ళను ఎంతకు కొంటారని అడిగారు. కప్పు చేతిలో ఉన్నవాళ్ళు చెప్పిన ధర, కొనేవాళ్ళు ఇస్తామన్న ధరకు దాదాపు రెండింతలు ఉంది. ఆ కప్పు వాళ్ళదై కొద్దిసేపే అయింది. మన స్టీలు డబ్బా ఇరవై ఏళ్ళుగా మనది. అందుకే తేల్చుకోలేని చోట, ఆ వస్తువు తనది కాని మనిషి కళ్ళు మనకు కావాలి.

గడప దాటించడం దగ్గర. అన్నీ ఏరి, మూటలు కట్టి, తలుపు వెనక పెడతాం. మూడు నెలలు అక్కడే ఉంటాయి. ఏదో వెతుకుతూ ఒకరోజు మూట విప్పుతాం, సగం మళ్ళీ బీరువాలోకి పోతుంది. చేసిన పని ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

నిలుపుకోవడం దగ్గర. దసరాకు అద్దంలా ఉన్న ఇల్లు దీపావళి దాటేసరికి ఎప్పటిలా అవుతుంది.

ఎక్కడ ఆగుతున్నారో తెలిశాక ఇంకో మూడు సంగతులు చూసుకోవాలి. మొదటిది గుట్టు. బీరువాలో బంగారం ఉంటుంది, పట్టాదారు పాసుపుస్తకం ఉంటుంది, చిట్టీల లెక్కలు, మందుల చీటీలు ఉంటాయి. అన్నీ అందరి ముందు తెరవలేం. రెండోది బాకీ. ఎవరైనా మన ఇంటికి వచ్చి చేస్తే మనం తిరిగి ఏం చేయగలం? తీర్చలేని సాయం రెండుసార్లకు మించి అడగలేం.

మూడోది మాట, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది ఇదే. లాస్ ఏంజెలస్ దంపతులను గమనించి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. తమ ఇల్లు చిందరవందరగా ఉందని చెప్పుకున్న ఆడవాళ్ళలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను, సాయంత్రానికి తగ్గాల్సినంతగా తగ్గడం లేదని అందులో తేలింది. అంటే ఆ టెన్షన్ అప్పటికే ఒంట్లో ఉంది. దాని మీద "ఇన్ని రోజులు ఇట్ల ఎట్ల పెట్టుకున్నవే?" అనే మనిషిని తెచ్చుకుంటే పని ముందుకు సాగదు. ఎంత చురుకైన మనిషైనా, తప్పుపట్టే నోరుంటే ఈ పనికి వద్దు.

## ఒక్క చూపులో

| దారి | ఎక్కడ బాగా పనికొస్తుంది | గుట్టు | ఖర్చు, బాకీ | ఎన్నాళ్ళు సాగుతుంది |
|---|---|---|---|---|
| ఒంటరిగా, టైమర్‌తో | నిలుపుకోవడం | పూర్తిగా భద్రం | ఏమీ లేదు | అలవాటైతే ఎన్నాళ్ళైనా |
| ఇంట్లోవాళ్ళతో | నిలుపుకోవడం, బరువులు దించడం | ఇంట్లోనే ఉంటుంది | గొడవ వచ్చే వీలుంది | ఒప్పందం బట్టి |
| ఫోన్‌లో దూరపు మనిషితో | మొదలుపెట్టడం | చూపించినంతే కనిపిస్తుంది | తక్కువ | వారం వారం సాగుతుంది |
| బదులు (ఒక మనిషితో వంతులు) | మొదలుపెట్టడం, తేల్చుకోవడం, గడప దాటించడం | నమ్మకం బట్టి | పనికి పని | నెలల తరబడి |
| వాట్సాప్ గ్రూపు, సంఘం | మొదటి ఊపు, వస్తువులు పంచుకోవడం | తక్కువ | లేదు | రెండు మూడు వారాలు |
| కూలి మనుషులు | బరువు, దుమ్ము, గడప దాటించడం | తక్కువ | డబ్బు | ఆ ఒక్క రోజే |

## ఒంటరిగా

కాగితాలకు, బంగారానికి, సొంత బట్టల బీరువాకు ఇదే సరైన దారి. ఫోన్‌లో 20 నిమిషాల టైమర్ పెట్టి, ఒకే ఒక్క సొరుగు తీయండి. గంట మోగగానే ఆపేయండి, ఇంకా చేయగలమనిపించినా సరే. రేపు మళ్ళీ కూర్చోవాలంటే ఇవాళ అలసిపోకూడదు.

ఒంటరిగా ఉన్నప్పుడు ఫొటోలు, ఉత్తరాలు ముట్టుకోవద్దు. ఒక ఆల్బం తెరిస్తే మధ్యాహ్నం అయిపోతుంది. తేల్చుకోవడమే మీ ఇబ్బంది అయితే ఈ దారి మీకు సరిపోదు.

## ఇంట్లోవాళ్ళతో

చేతులు దగ్గరలోనే ఉంటాయి, గుట్టు ఇల్లు దాటదు. కానీ ఇంట్లో ప్రతి వస్తువుకూ ఒక సొంతదారు ఉంటారు. చిక్కంతా అక్కడే. నేను ఒకసారి మా ఆయన పాత పుస్తకాల కట్ట ఆయనకు చెప్పకుండా రద్ది పేపర్లలో వేశాను. రెండు నెలల తర్వాత ఆయన వెతికారు. ఆ కట్టలో ఆయన ఉద్యోగం మొదటి రోజుల డైరీ ఉందట. ఆయన పెద్దగా ఏమీ అనలేదు. కానీ ఆ తర్వాత ఏడాది పాటు నేను బూజు కర్ర పట్టుకుంటే చాలు, తన అల్మారా దగ్గరికి వచ్చి నిలబడేవారు. పోయిన నమ్మకం తిరిగి రావడానికి చాలా రోజులు పట్టింది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే నియమం: ఎవరి వస్తువు గురించి వాళ్ళే తేల్చాలి. పిల్లల బొమ్మలైనా అంతే. ఐదేళ్ళ పిల్ల కూడా "ఈ రెండింట్లో ఏది ఉంచుకుంటవు?" అంటే చక్కగా చెబుతుంది. అందరివీ అయిన వంటింటి బోళ్ళు, పరుపులు, జంపఖానాలు మాత్రం కూర్చుని మాట్లాడుకోవాలి. పెళ్ళిళ్ళ కోసం దాచిన పెద్ద జంపఖానాలు మన ఇళ్ళల్లో చాలా చోటు తీసుకుంటాయి. వరంగల్ కొత్తవాడ మగ్గం మీద నేసినవైతే తీసేయమని నేను చెప్పను. ఎండబెట్టి, వేపాకు వేసి, ఒకే చోట పెట్టుకోండి.

ఇంట్లోవాళ్ళ తోడు నిలుపుకోవడానికి గట్టిగా పనికొస్తుంది. మొదలుపెట్టించడానికి అంతగా పనికిరాదు, ఎందుకంటే "వచ్చే వారం చేద్దాం" అని ఒకరంటే మిగతావాళ్ళంతా వెంటనే ఒప్పుకుంటారు.

## ఫోన్‌లో దూరపు మనిషి

దీని మీద నాకు మొదట నమ్మకం లేదు. మా చెల్లె కరీంనగర్‌లో ఉంటుంది. బుధవారం రాత్రి ఎనిమిదికి ఇద్దరం వీడియో కాల్ పెట్టుకుని, ఫోన్ కిటికీలో ఆనించి, ఆమె తన వంటింటి అర నేను నా అర సర్దుకుంటాం. పెద్దగా మాట్లాడుకోం. గరిటెల చప్పుడు అటు నుంచి వినిపిస్తుంటే ఇక్కడ నాకూ చేయి ఆడుతుంది. ఆమె చూస్తోందని కాదు, ఆమె కూడా చేస్తోందని.

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్ళకు ఇది బాగా కుదురుతుంది. మనకు ఆదివారం రాత్రి ఎనిమిదైతే డాలస్‌లో ఎండాకాలం ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర, చలికాలం ఎనిమిదిన్నర. "తిన్నవా అమ్మా" తర్వాత మాటలు ఆగిపోయే కాల్స్‌కు ఒక పని దొరుకుతుంది. "ఈ నీ స్కూలు బ్యాగు ఉంచాల్నా?" అని అక్కడికక్కడే అడగొచ్చు.

ఇబ్బంది ఒకటే. ఫోన్‌లోని మనిషి మూట మోయలేదు. గడప దాటించేది మీరే.

## బదులు: ఒక మనిషితో వంతులు

నాట్లప్పుడు మా అమ్మవాళ్ళు బదులు పోయేవాళ్ళు. ఇవాళ మీ పొలంలో మేము, ఎల్లుండి మా పొలంలో మీరు. పైసలు చేతులు మారవు, పనికి పని. ఇల్లు సర్దడానికి కూడా దీన్ని మించిన పద్ధతి నాకు కనిపించలేదు. ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే.

పక్కింటి వదినకూ నాకూ రెండు వారాలకో ఆదివారం. ఒకసారి మా ఇంట్లో, తర్వాతిసారి వాళ్ళ ఇంట్లో. పొద్దున ఏడింటికి మొదలు, తొమ్మిదిన్నరకు ఆపడం. చాయ్ మాత్రమే, టిఫిన్ పెట్టకూడదని ముందే అనుకున్నాం, లేకపోతే ఇంటామె పొయ్యి దగ్గరే ఉండిపోతుంది. ఒక పూటకు ఒకే చోటు: ఒక సజ్జ, లేదా ఒక బీరువా, లేదా మంచం కింద.

వచ్చిన మనిషి "పారెయ్యి" అనకూడదు. మూడు ప్రశ్నలు అడగొచ్చు, అంతే.

"దీన్ని ముట్టి ఎన్నేండ్లయింది వదినా?"

"ఇసొంటిది ఇంకోటి ఉన్నదా?"

"రేపు ఇది లేకుంటె ఏ పని ఆగుతది?"

జవాబు చెబుతుంటేనే మనకు తెలిసిపోతుంది. మా బీరువాలో ఒడిబియ్యానికి, పేరంటాలకు వచ్చిన జాకెట్ ముక్కలు నలభై ఒకటి తేలాయి. ఒంటరిగా ఉంటే ఒక్కొక్కటీ ఎవరు పెట్టారో గుర్తుచేసుకుంటూ మళ్ళీ మడతపెట్టేదాన్ని. వదిన "ఇంకోటి ఉన్నదా" అని అడిగిన ప్రతిసారీ ఇద్దరం కుప్ప వైపు చూశాం. మా అమ్మ పెట్టినవి ఐదు ఉంచుకున్నాను. మిగతావి కుట్టు నేర్చుకుంటున్న మా వీధి అమ్మాయికి వెళ్ళాయి.

ఈ పద్ధతిలో అన్నిటికంటే మేలు చేసిన నియమం చివర్లో వస్తుంది. పని అయ్యాక, తీసేసిన సామాను సంచి వచ్చిన మనిషి తనతో పట్టుకుపోతుంది. మా సంచి వదిన వాళ్ళ వాకిట్లో ఉంటుంది, వాళ్ళది మా వాకిట్లో. ఎవరి సంచి వాళ్ళ ఇంట్లో ఉంటే చేయి మళ్ళీ లోపలికి పోతుంది. పక్కింటి సంచిలోంచి మన పాత డబ్బా తిరిగి అడగడానికి ఎవరికీ నోరు రాదు. అందులో ఏదైనా ఆమెకు పనికొస్తే, అడిగి తీసుకోవాలి. ఈ మాట మొదటి రోజే అనుకోకపోతే తర్వాత మనసులో ముల్లులా ఉంటుంది.

ఎవరిని ఎంచుకోవాలి? ఇల్లు అద్దంలా ఉంచుకునే మనిషిని పిలవాలనిపిస్తుంది. వద్దు. ఆమె వస్తుందంటే ముందురోజు రాత్రి మనం ఇల్లు సర్దడం మొదలుపెడతాం, పైగా ఆమె ఇంట్లో మనం తీర్చడానికి పని ఉండదు. మీ ఇంట్లో ఎంత సామాను ఉందో దాదాపు అంతే ఉన్న మనిషి కావాలి. ఆమె ముందు సిగ్గుండదు, బాకీ సమానంగా తీరుతుంది.

గుట్టు విషయంలో జాగ్రత్త పడాలి. ఎంత దగ్గరి మనిషైనా బంగారం, భూమి కాగితాలు, బ్యాంకు పుస్తకాలు ముందురోజే వేరే చోట తాళం వేసి పెట్టండి. నమ్మకం లేక చేసే పని కాదిది. ఎప్పుడైనా ఏదైనా కనిపించకపోతే ఇద్దరి మధ్య అనుమానం రాకుండా ఉండడానికి. ఒకరి ఇంట్లో చూసింది ఇంకొకరి ఇంట్లో చెప్పకూడదన్నది కూడా నోరు తెరిచి అనుకోవాల్సిందే.

## వాట్సాప్ గ్రూపు, సంఘం

గ్రూపు పెట్టిన మొదటి వారం చాలా సంతోషంగా ఉంటుంది. సర్దక ముందు, సర్దిన తర్వాత ఫొటోలు, చప్పట్లు. మూడో వారానికి ఇద్దరే మిగులుతారు, మిగతాది గుడ్ మార్నింగ్ బొమ్మలు. ఫ్రాన్స్‌లో మాక్స్ రింగెల్‌మన్ అనే వ్యవసాయ ఇంజనీరు తాడు లాగే మనుషుల బలం కొలిచి 1913లో ప్రచురించారు. మనుషులు పెరిగేకొద్దీ మొత్తం బలం పెరిగింది గానీ, ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతూ వచ్చింది. ముప్పైమంది గ్రూపులో మనం చేయకపోయినా ఎవరికీ తెలియదు, అదే కారణం. అందుకని పెడితే ఐదుగురితో పెట్టండి. వారానికి ఒక రోజు, ఒక ఫొటో. ఫొటోలో బీరువా లాకరు, కాగితాలు, మందుల డబ్బాలు పడకుండా చూసుకోండి.

పొదుపు సంఘంలో ఉన్నవాళ్ళకు ఇంతకంటే మంచి అవకాశం ఉంది. సంఘంలో సాధారణంగా పది మంది దాకా ఉంటారు, మీటింగు ఎలాగూ జరుగుతుంది, చెప్పిన రోజుకు వాయిదా కట్టే అలవాటు అందరికీ ఉంది. ఆ మీటింగు చివర ఐదు నిమిషాలు, వచ్చే మీటింగులోపు ఏ అర ఖాళీ చేస్తానో ఒక్కొక్కరూ చెప్పి లేవాలి. నలుగురిలో ఇచ్చిన మాట కాబట్టి చేస్తారు.

గ్రూపులు బాగా పనికొచ్చేది పంచుకోవడానికి. పాత ఊయల, పిల్లల సైకిలు, ఇంటర్ పుస్తకాలు, పెద్ద గంజులు: ఎవరికి కావాలో గ్రూపులో గంటలో తెలుస్తుంది.

## కూలి మనుషులు

నిచ్చెన ఎక్కి సజ్జ దించడానికి, ఇనుప బీరువా జరపడానికి, గూన పెంకుల ఇంటి అటక దులపడానికి ఇద్దరు మనుషులను పిలవడమే మంచిది. పాత అటకల్లో తేళ్ళు ఉంటాయి. అరవై దాటినవాళ్ళు అస్సలు ఎక్కొద్దు. కూలి ఎంతో ముందే మాట్లాడుకోండి, అర రోజుకా, రోజుకా అన్నది కూడా. ఎండాకాలంలో అయితే పొద్దున ఆరింటికే పిలవండి, పదకొండు దాటితే స్లాబు కింద నిలబడలేరు. ఏది ఉంచాలో వాళ్ళు చెప్పలేరు, చెప్పించకూడదు. తేల్చే పని ముందే అయిపోయి ఉంటే, మీ డబ్బుకు ఫలితం దక్కుతుంది.

## మీ పరిస్థితి ఇదైతే

ఇద్దరూ ఉద్యోగం చేస్తూ చిన్నపిల్లలున్న ఇల్లు: వారంలో ఒక రాత్రి ఫోన్ తోడు, మిగతా రోజుల్లో ఒంటరిగా 20 నిమిషాలు. ఆదివారం మొత్తం దీనికే పెట్టొద్దు, రెండో ఆదివారానికే విసుగొస్తుంది.

ఉమ్మడి ఇంట్లో కొత్త కోడలు: మీ అర్రతో, మీ బీరువాతో మొదలుపెట్టండి. వంటింటి జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. అత్తమ్మ తన చేత్తో పేర్చుకున్న డబ్బాల్లో ఆమె ముప్పై ఏళ్ళ కాపురం ఉంది. ఏడాది తర్వాత "అత్తమ్మా, ఇద్దరం కలిసి సదురుదామా" అంటే ఆమెకూ సంతోషమే. పుట్టింటి అక్కనో చెల్లెనో ఫోన్‌లో పెట్టుకుని అత్తగారింటి సామాను చూపించడం మాత్రం ఇబ్బందులు తెస్తుంది.

పెద్దవాళ్ళు ఇద్దరే ఉన్న ఇల్లు: మూడు వారాల సెలవు మీద వచ్చిన కొడుకో బిడ్డో వారంలో ఇల్లంతా ఖాళీ చేయాలనుకుంటారు. వాళ్ళ ప్రేమ నాకు తెలుసు. కానీ ఆ వేగం పెద్దవాళ్ళకు భయం పుట్టిస్తుంది. నడిచే దారిలో, బాత్రూం దగ్గర కాళ్ళకు తగిలేవి మాత్రం ఈసారి తీయండి. మిగతాది వారం వారం ఫోన్‌లో నడుస్తుంది.

ఇంట్లో మనిషి పోయిన తర్వాత: బతికి ఉన్నవాళ్ళకు మనసైనప్పుడే. చాలా ఇళ్ళల్లో సంవత్సరీకం దాకా ముట్టుకోరు, అది మంచిదే. ఆ పనికి గ్రూపు వద్దు, కూలి మనుషులు వద్దు. పోయినవాళ్ళను ఎరిగిన ఒక్క మనిషి చాలు. మా అత్తమ్మ చీరలు నేనూ మా ఆడబిడ్డా పంచుకున్నాం, మెత్తబడ్డవి పదకొండు ఏరి బొంత కుట్టించాం. ఆ బొంత ఇప్పుడు మా మంచం మీద ఉంది.

ఊళ్ళో ఇల్లు మూసేస్తున్న అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు: ఒక రోజు అందరూ ఉండగా కాగితాలు మాత్రమే చూడండి. పాత పాసుపుస్తకాలు, పహాణీ నకళ్ళు, రసీదులు చిరిగిపోయినా పారేయొద్దు, ఫొటో తీసి అందరికీ పంపండి. ఇత్తడి, రాగి బోళ్ళు ఎవరు ఏది తీసుకుంటారో తేలేదాకా తూకానికి వేయొద్దు.

ఇంట్లో నడవడానికి దారి లేనంత సామాను పేరుకుని, ఒక్క కాగితం తీసినా ఆ మనిషి వణికిపోతుంటే, అది బద్ధకం కాదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీన్ని విడిగా ఒక రుగ్మతగా గుర్తించింది. పైన చెప్పిన ఏ తోడూ అక్కడ సరిపోదు, బలవంతంగా ఖాళీ చేస్తే మరీ చెడుతుంది. మానసిక వైద్యుడికి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

## గడప దాటాక ఎక్కడికి?

ఏ తోడు ఎంచుకున్నా ఇది ముందే అనుకుని ఉంచుకోవాలి. మంగళవారం, శుక్రవారం ఇంట్లోంచి వస్తువు బయటికి ఇవ్వని ఇళ్ళు మనవి. ఆ పట్టింపు ఉంటే ఉండనీయండి, శనివారం గానీ ఆదివారం గానీ సర్దితే మూట అదే రోజు వెళ్ళిపోతుంది. గురువారం సాయంత్రం సర్దితే మాత్రం శుక్రవారం అడ్డం పడి మూట ఇంట్లోనే ఉండిపోతుంది.

పేపర్లు, ఇనుము, ప్లాస్టిక్ పాత సామాన్ల బండికి. పాత చీరలకు స్టీలు గిన్నెలు ఇచ్చే ఆమెను పిలిచేముందు ఆలోచించండి, పది చీరలు పోయి మళ్ళీ ఒక గిన్నె ఇంట్లోకి వస్తుంది. చెడిపోయిన ఫోన్లు, ఛార్జర్లు, బ్యాటరీలు తడి చెత్తలో కలపకుండా విడిగా కట్టి ఉంచండి. గడువు దాటిన మందులు ఎవరికీ ఇవ్వొద్దు. మంచి పుస్తకాలుంటే హన్మకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం లాంటి గ్రంథాలయాలకు వెళ్ళి, తీసుకుంటారేమో ముందు అడగండి. భోగి మంటకు పాత కర్ర సామాను సరే, ప్లాస్టిక్, పరుపులు వేయొద్దు.

## ఎలా అడగాలి

చాలామంది ఇక్కడే ఆగుతారు. "మా ఇల్లు చూస్తే ఏమనుకుంటుందో" అని. నేను వదినను అడిగిన మాట ఇది: "వదినా, ఎంగిలిపూల బతుకమ్మ లోపల మా సజ్జ ఒకటి, మీ సజ్జ ఒకటి దించుదామా? ఒక ఆదివారం మీరు మా ఇంటికి, ఒక ఆదివారం నేను మీ ఇంటికి." రెండు ఇళ్ళ పేరూ ఉంది, ఎప్పటిలోపో ఉంది, పని ఎంతో ఉంది. ఆమె కొంచెంసేపు ఆగి, "మా ఇంటి నుంచే మొదలుపెడుదమా? మా మంచం కింద ఏమున్నదో నాకే ఎరుక లేదు" అంది.

వచ్చే ఆదివారం వాళ్ళ ఇంటి వంతు. వంటింటి పై అర, పొద్దున ఏడింటికి.